ఫౌంటెన్స్ సిస్టెర్షియన్ మఠం: స్థాపనకథనం - చారిత్రకవాస్తవం

వ్యాససంగ్రహం:

ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో 1132లో ఏర్పడిన ఫౌంటెన్స్ మఠం ఆ దేశపు సిస్టెర్షియన్ మఠాలన్నింటిలో సంపన్నమైనదిగా పేరుపొందింది. మనుషులు మసలని అడవిలో పదముగ్గురు సన్యాసులు ఆకలికి ఓర్చి దీనిని నిలబెట్టారని మఠం తన చరిత్రను తాను చెప్పుకొంది. ఆ కథనాన్ని మఠపు భూముల చరిత్రతోను, కట్టడాలతోను, దాని శాఖామఠం రాసుకొన్న వృత్తాంతంతోను కలిపి చదివినప్పుడు ఆ నిర్జనత ఎలా ఏర్పడిందన్న ప్రశ్న ముందుకు వస్తుంది. అక్షరానికి దూరంగా ఉంచబడిన సేవాసోదరుల శ్రమకు మఠచరిత్రలో దక్కిన స్థానాన్ని కూడా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఫౌంటెన్స్ మఠం, సిస్టెర్షియన్ సంప్రదాయం, స్థాపనకథనం, సేవాసోదరులు, గ్రేంజ్, ఉన్ని వ్యాపారం, వారసత్వ కట్టడాలు.

1. ఉపోద్ఘాతం:

ఉత్తర ఇంగ్లండులో రిపన్ పట్టణానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో స్కెల్ అనే చిన్న నది ఒక ఇరుకైన లోయ గుండా పారుతుంది. ఆ లోయలో పైకప్పులేని ఒక పెద్ద చర్చి, దాని పక్కన ఆకాశాన్నంటే ఒక గోపురం, నదిమీదుగా సాగిన పొడవైన రాతికట్టడం నిలిచి ఉన్నాయి. ఇవే ఫౌంటెన్స్ మఠపు శిథిలాలు. 1986లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది.

ఈ మఠం సిస్టెర్షియన్ సంప్రదాయానికి చెందినది. 1098లో ఫ్రాన్సులోని సీటో అనే చోట మొలెమ్ మఠాధిపతి రాబర్ట్ కొందరు సన్యాసులతో కలిసి ఒక కొత్త మఠాన్ని స్థాపించాడు. సీటోకు లాటిన్ పేరు సిస్టెర్షియం. సంప్రదాయానికి ఆ పేరే వచ్చింది. అప్పటికి బెనెడిక్టు నియమావళిని అనుసరించే పాతమఠాలు గ్రామాలపై పన్నులు, చర్చిల నుంచి దశమభాగాలు, మిల్లుల ఆదాయం, కట్టుబానిస రైతుల చాకిరీ మీద బతుకుతున్నాయి. సన్యాసి తన చేతుల కష్టంతో జీవించాలన్న నియమావళిలోని 48వ అధ్యాయపు మాట ఆచరణలో మరుగునపడింది. సీటో సన్యాసులు ఆ మాటకు తిరిగి వెళ్ళాలనుకొన్నారు. రంగువేయని ఉన్ని వస్త్రాలు ధరించినందువల్ల వారికి తెల్ల సన్యాసులన్న వాడుకపేరు ఏర్పడింది. 1115లో క్లెయిర్వో మఠాధిపతి అయిన బెర్నార్డ్ ప్రభావంతో ఈ సంప్రదాయం ఐరోపా అంతటా వేగంగా వ్యాపించింది.

2. నరేషియో చెప్పిన కథ:

ఫౌంటెన్స్ ఆవిర్భావాన్ని గురించి మనకు ప్రధానాధారం లాటిన్‌లో ఉన్న ‘నరేషియో’ అనే స్థాపనవృత్తాంతం. దాని ప్రకారం జరిగింది ఇది. 1132లో క్లెయిర్వో నుంచి వచ్చిన సన్యాసులు యార్క్‌షైర్‌లో రీవో మఠాన్ని నెలకొల్పారు. వారి కఠినజీవనం చూసిన యార్క్ నగరంలోని సెయింట్ మేరీ మఠపు సన్యాసులు కొందరికి తమ సుఖజీవనం మీద రోత పుట్టింది. ఉపమఠాధిపతి రిచర్డ్ వారికి నాయకుడయ్యాడు. సంస్కరణకు వృద్ధుడైన మఠాధిపతి జెఫ్రీ ఒప్పుకోలేదు. తగవు తీర్చడానికి అక్టోబరులో ఆర్చిబిషప్ థర్‌స్టన్ మఠానికి రాగా లోపల పెద్ద అల్లరి చెలరేగింది. పదముగ్గురు సన్యాసులను వెంటబెట్టుకొని ఆర్చిబిషప్ బయటపడ్డాడు. క్రిస్మస్ పండుగ వెళ్ళిన వెంటనే, డిసెంబరు 27న, వారిని స్కెల్ లోయకు తీసుకువెళ్ళి అక్కడ స్థలమిచ్చాడు. రిచర్డ్ తొలి మఠాధిపతి అయ్యాడు.

ఆ స్థలం మనుషులకన్నా అడవిమృగాలకే తగినదని నరేషియో వర్ణిస్తుంది. సన్యాసులు తొలుత బండరాళ్ళ చాటున, ఆ తరువాత ఒక పెద్ద ఎల్మ్ చెట్టు నీడన తలదాచుకొన్నారు. కరువు వచ్చినప్పుడు ఆకులు ఉడికించుకొని తిన్నారు. ఒకనాడు ఎవరో బిచ్చగాడు వచ్చి రొట్టె అడిగాడు. మఠంలో మిగిలిన కొద్ది రొట్టెల్లో ఒకటి అతనికి ఇచ్చివేయమని, మిగిలింది వడ్రంగులకు ఉంచమని మఠాధిపతి చెప్పాడు. అంతలోనే నేర్స్‌బరో కోట ప్రభువు యూస్టేస్ ఫిట్జ్‌జాన్ పంపిన బండెడు రొట్టెలు గుమ్మం ముందుకు వచ్చాయి. అయినా కష్టాలు తీరలేదు. ఇంగ్లండు విడిచి క్లెయిర్వో భూములకు వెళ్ళిపోదామని వారు నిశ్చయించుకొన్న దశలో యార్క్ ప్రధానచర్చి డీన్ హ్యూ తన ధనంతో, పుస్తకాలతో వచ్చి మఠంలో చేరాడు. దానితో మఠం నిలదొక్కుకొంది.

స్థలపురాణాలు చదివిన తెలుగువారికి ఈ నిర్మాణం కొత్తది కాదు. అడవి, ఆకలి, పరీక్ష, దైవసహాయం, అటుపైన వైభవం: కథాంశాల వరుస అదే. అంతమాత్రాన కథ కల్పితమని తీర్పు చెప్పడం తొందరపాటు. థర్‌స్టన్ రాసిన ఒక ఉత్తరం నరేషియోలోనే పొందుపరచబడి ఉంది. యార్క్‌లో గొడవ జరిగిందనడంలో సందేహానికి తావు లేదు. నేల పొరలు కూడా కథకు కొంత తోడ్పడుతున్నాయి. 1979-80లో చర్చి దక్షిణభుజం కింద జరిపిన తవ్వకాలలో రాతికట్టడానికి ముందున్న కొయ్యకట్టడాల ఆనవాళ్ళు బయటపడ్డాయి. పేదగా మొదలైన మాట నిజమే.

పేచీ ఉన్నది పేదరికంతో కాదు, నిర్జనతతో. కథ తనకు తెలియకుండానే తన మాటను తాను ఖండించుకొంటోంది. మృగాలే తిరిగే అడవిలో బిచ్చగాడు ఎక్కడి నుంచి వచ్చాడు? కూలికి వచ్చిన వడ్రంగులు ఏ ఊరివారు? రొట్టెలు పంపిన కోట అక్కడికి 20 కిలోమీటర్ల దూరమైనా లేదు. ఆర్చిబిషప్ ఇచ్చిన దానంలో లోయలోని అడవితో పాటు సమీపంలోని సట్టన్ ఊరి సాగుభూమి కూడా ఉంది. నాలుగు దిక్కులా మనుషులున్న చోటే ఈ అడవి ఉండేది.

3. కథ ఎప్పుడు, ఎందుకు రాయబడింది?

నరేషియో 1132 నాటి రచన కాదు. 13వ శతాబ్ది ఆరంభంలో ఫౌంటెన్స్ మఠాధిపతి జాన్ కోరికపై హ్యూ అనే సన్యాసి దీనిని రాశాడు. ఇతడు ఫౌంటెన్స్ శాఖామఠమైన కర్క్‌స్టాల్‌కు చెందినవాడు. అతనికి విషయం చెప్పినవాడు సెర్లో అనే వయోవృద్ధుడు. సెర్లో ఆ పదముగ్గురిలో ఒకడు కాదు. మఠం పుట్టిన కొన్ని సంవత్సరాలకు అందులో చేరి, వారిని దగ్గరగా ఎరిగినవాడు. అంటే మనకు అందినది ఏడు దశాబ్దాల వెనకటి సంగతిని ఒక ముదుసలి చెప్పగా ఒక యువకుడు గ్రంథస్థం చేసిన రూపం. మౌఖికచరిత్రతో పనిచేసేవారికి ఇందులోని మేలు, కీడు రెండూ తెలుసు.

మధ్యలో గడిచిన ఆ ఏడు దశాబ్దాలలో మఠం ఎంతగా మారిందో గుర్తుంచుకోవాలి. 1138లో న్యూమిన్‌స్టర్ మొదలుకొని కొద్ది సంవత్సరాలలోనే అనేక శాఖామఠాలు ఇక్కడి నుంచి వెళ్ళాయి. 1146లో నార్వేలోని లీసాకు కూడా సన్యాసులు తరలివెళ్ళారు. 1147లో యార్క్ ఆర్చిబిషప్ పదవి కోసం నడిచిన పోరులో మఠాధిపతి హెన్రీ మర్డాక్ ఒక పక్షం వహించినందుకు ఎదుటిపక్షపు అనుచరులు వచ్చి మఠాన్ని తగలబెట్టారు. ఆ బూడిద మీదనే గొప్ప రాతికట్టడం లేచింది. 13వ శతాబ్ది వచ్చేనాటికి విస్తారమైన భూములు, మందలు మఠానివి. దురాశాపరులన్న విమర్శ కూడా అప్పటికే మొదలైంది. రెండవ హెన్రీ రాజు కొలువులోని వాల్టర్ మ్యాప్, ఈ సన్యాసులు ఊళ్ళను ఖాళీచేసి ఏకాంతాన్ని తయారుచేసుకొంటారని ఎత్తిపొడిచాడు. అతనికి సిస్టెర్షియన్లంటే గిట్టదు. కాబట్టి ఆ మాటను తక్కువ చేసి చూడాలి. అయినా అటువంటి మాటలు వినవస్తున్న కాలంలో తమ పుట్టుకను ఆకులు తిన్న రోజులతో ముడిపెట్టి చెప్పుకోవడం మఠానికి అవసరమైంది.

4. ఖాళీ నేల ఎలా ఖాళీ అయింది:

ద్వితీయోపదేశకాండం 32వ అధ్యాయంలో భీకరమైన నిర్జనప్రదేశాన్ని గురించిన మాట ఒకటి ఉంది. సిస్టెర్షియన్ రచయితలు తమ మఠస్థలాలను వర్ణించేటప్పుడు దానిని పదేపదే వాడుకొన్నారు. ఎక్కడ మఠం కట్టినా అదే వర్ణన. కనుక దానిని భౌగోళికవర్ణనగా కాక కవిసమయంగా గ్రహించడం మంచిది.

యార్క్‌షైర్ విషయంలో మాత్రం ఆ కవిసమయం వెనుక ఒక రక్తసిక్తమైన వాస్తవం ఉంది. 1069-70 చలికాలంలో తన మీద తిరగబడిన ఉత్తరప్రాంతాన్ని విలియం రాజు సైన్యం ఊరూరా తగలబెట్టింది. పంటలు, పశువులు, పనిముట్లు నాశనమయ్యాయి. కరువు వచ్చింది. 1086 నాటి డూమ్స్‌డే భూసర్వేలో యార్క్‌షైర్ గ్రామాల పేర్ల పక్కన ‘పాడు’ అని అర్థమిచ్చే లాటిన్ మాట మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది. ఆ మాటకు పన్ను రాని భూమి అన్న అర్థం కూడా ఉండవచ్చునని చరిత్రకారులు వాదిస్తున్నారు. ఏదేమైనా రెండు తరాల తరువాత తెల్ల సన్యాసులు వచ్చేసరికి ఈ ప్రాంతంలో చౌకగా దానమివ్వదగిన భూములు ప్రభువుల చేతుల్లో చాలా ఉన్నాయి. ప్రకృతి సృష్టించిన అడవి, రాజు సృష్టించిన బీడు రెండూ దానపత్రాల్లో ఒక్క తీరుగానే కనిపిస్తాయి.

ఇది ఒక ఎత్తు. సన్యాసులు వచ్చాక జరిగినది మరొక ఎత్తు. ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించాలి. గ్రామాలను, కట్టుబానిస రైతులను, దశమభాగాలను కలిగి ఉండరాదని సిస్టెర్షియన్ తొలి శాసనాలు నిషేధించాయి. ఇతరుల చెమట మీద బతకరాదన్నది వాటి భావం. ఉద్దేశం ఉదాత్తమైనదే. కాని ఒక ప్రభువు ఊరితో సహా భూమిని దానం చేస్తే ఏం చేయాలి? రైతులను ఉండనిచ్చి కౌలు వసూలు చేయడం నియమవిరుద్ధం. రైతులను పంపించి ఆ భూమిని తామే సాగుచేసుకోవడం నియమబద్ధం. ఈ తర్కం వల్ల పలుచోట్ల గ్రామం పోయి దాని స్థానంలో గ్రేంజ్ అనే మఠపు వ్యవసాయక్షేత్రం వెలసింది. డూమ్స్‌డేలో పేరున్న కేటన్ గ్రామం ఫౌంటెన్స్ తొలి గ్రేంజ్‌లలో ఒకటిగా మారింది. పేదరికపు వ్రతమే పేదవాడిని ఇల్లు విడిచేలా చేసిందనడం కఠినంగా వినిపించవచ్చు. అయితే సన్యాసులు కపటులని చెప్పడం కన్నా ఇదే వాస్తవానికి దగ్గర అని నా అభిప్రాయం. వారు తమ నియమాన్ని నమ్మారు, దానిని పాటించారు. దాని భారం ఇతరుల మీద పడింది.

దీనికి బలమైన సాక్ష్యం ఫౌంటెన్స్ శత్రువుల నుంచి కాక, ఆ మఠపరివారం నుంచే వచ్చింది. 1147లో ఫౌంటెన్స్ నుంచి బయలుదేరిన ఒక బృందం మఠాధిపతి అలెగ్జాండర్ నాయకత్వంలో బార్నాల్డ్స్‌విక్ అనే ఊరు చేరింది. అది అడవి కాదు, పాతకాలపు చర్చి ఉన్న ఊరు. పండుగ దినాలలో చుట్టుపక్కల ఊళ్ళ జనం ఆరాధనకు అక్కడికి వచ్చేవారు. ఆ సందడి సన్యాసుల ప్రశాంతతకు అడ్డయింది. అలెగ్జాండర్ ఆ చర్చిని పునాదులతో సహా పడగొట్టించాడు. ఊరివారు, వారి గురువు వ్యాజ్యం వేశారు. అది పోపు సన్నిధి వరకు వెళ్ళింది. తీర్పు సన్యాసులకు అనుకూలంగా వచ్చింది. ఇంత జరిగాక వారు అక్కడ ఎంతకాలం ఉన్నారు? చలి, వరదలు, దోపిడీలు భరించలేక 1152లోనే ఎయిర్ నది ఒడ్డున ఉన్న కర్క్‌స్టాల్‌కు తరలిపోయారు. అక్కడ కూడా అప్పటికే కొందరు ఏకాంతవాసులు గుడిసెలు వేసుకొని ఉన్నారు. వారిలో కొందరు మఠంలో చేరగా, మిగిలినవారికి ఏదో ముట్టజెప్పి పంపించారు.

ఈ వృత్తాంతం రాసినవాడు కూడా ఆ కర్క్‌స్టాల్ హ్యూనే, చెప్పినవాడు ఆ సెర్లోనే. బార్నాల్డ్స్‌విక్‌కు వెళ్ళిన బృందంలో సెర్లో స్వయంగా ఉన్నాడు. ఫౌంటెన్స్ కథలో ఖాళీ అడవిని చూసిన కళ్ళే ఇక్కడ చర్చి కూల్చడాన్ని చూశాయి. కథనం కూల్చివేతను దాచదు. ఎక్కువమంది మేలు కోసం తక్కువ మేలు పోవచ్చునన్న ధోరణిలో సమర్థిస్తుంది. దాచకపోవడానికి కారణం అది తప్పని ఆనాటి ఆ రచయితకు తోచకపోవడమే. చరిత్రపాఠకుడికి ఇటువంటి చోట్లే పనికివస్తాయి.

5. సేవాసోదరులు, ఉన్ని, అప్పులు:

రైతులు వెళ్ళిపోయాక గ్రేంజ్‌లలో ఎవరు పనిచేశారు? రోజుకు ఏడుమార్లు పగటి ఆరాధనలు, ఒక రాత్రి ఆరాధన ఉన్న సన్యాసి దూరపు పొలాలకు పోలేడు. ఆ పని చేసినవారు లాటిన్‌లో కన్‌వెర్సీ అని పిలవబడిన సేవాసోదరులు. వీరూ వ్రతం పట్టినవారే. కాని గడ్డం పెంచుకోవాలి, వేరుగా తినాలి, వేరుగా పడుకోవాలి, చర్చిలో పశ్చిమభాగంలోనే నిలవాలి. ఎంతకాలమున్నా సన్యాసి హోదాకు ఎదగలేరు. అన్నింటికంటే గమనించదగినది, వీరి నియమావళి వీరికి పుస్తకాన్ని నిషేధించింది. ప్రభువు ప్రార్థన, విశ్వాసప్రమాణం వంటి కొద్దిపాటి ప్రార్థనలు మాత్రం కంఠతా నేర్చుకోవాలి. పొట్ట చేతపట్టుకొని తిరిగే పల్లెవారికి ఈ జీవితం తిండికి, గౌరవానికి, పరలోకానికి భరోసా ఇచ్చిందన్నదీ నిజమే. నేల పోగొట్టుకొన్నవారిలో కొందరు ఇలా ఆ నేల మీదికే తిరిగివచ్చి ఉంటారని ఊహించవచ్చు.

వీరి సంఖ్య ఎంత? పొరుగున ఉన్న రీవోలో, మఠాధిపతి ఎల్‌రెడ్ 1167లో మరణించేనాటికి 140 మంది సన్యాసులు, 500 మంది సేవాసోదరులు ఉండేవారని ఎల్‌రెడ్ జీవితచరిత్ర రాసిన వాల్టర్ డేనియల్ చెప్పాడు. గుండ్రని అంకెలు కాబట్టి కొంత అతిశయం ఉండవచ్చు. కాని నిష్పత్తి ముఖ్యం. ఫౌంటెన్స్‌లో ఈ నిష్పత్తికి రాతిలో సాక్ష్యముంది. మఠపు పశ్చిమభాగంలోని కట్టడం సుమారు 90 మీటర్ల పొడవు. నడుమ ఒక వరుస స్తంభాలతో, 22 అంకణాల కమానుకప్పుతో ఒక చివర నుంచి మరో చివరకు సాగుతుంది. కింద ఉన్ని, ధాన్యం నిలవచేసే గదులు, సేవాసోదరుల భోజనశాల ఉండేవి. పైఅంతస్తు మొత్తం వారి పడకశాల. పేర్లు మిగలని మనుషుల ఇల్లు ఇది. మఠంలో పైకప్పు నిలిచి ఉన్న పెద్ద భాగం ఇదే కావడం విశేషం. ఇప్పుడు అందులో గబ్బిలాలు కాపురముంటున్నాయి.

సేవాసోదరులు మేపిన గొర్రెల ఉన్ని మఠానికి ప్రధానాదాయం. 14వ శతాబ్దిలో ఫ్లోరెన్సు వర్తకుడు పెగొలొట్టి కూర్చిన వ్యాపారగ్రంథంలో ఇంగ్లండు మఠాల ఉన్ని పట్టిక ఉంది. అందులో ఫౌంటెన్స్ పేరు పక్కన సంవత్సరానికి 76 సంచులని కనిపిస్తుంది. రీవోకు 60, జెర్వోకు 50. ఒక సంచి తూకం 364 పౌండ్లు, అంటే 165 కిలోలు. ఒక సంచి నిండడానికి రెండువందలకు పైగా గొర్రెల ఉన్ని కావాలి. ఈ లెక్కన వేలకు వేలు గొర్రెలు కొండల మీద మేసేవి. ఇటాలియన్ వర్తకులు రాబోయే సంవత్సరాల ఉన్నికి ముందుగానే డబ్బు చెల్లించేవారు. మన పల్లెల్లో పంట చేతికి రాకముందే షావుకారుకు అమ్ముకొన్న రైతు పరిస్థితి ఎలా ఉంటుందో, గొర్రెలకు గజ్జిరోగం సోకినప్పుడు మఠం పరిస్థితీ అలాగే అయింది. ఇచ్చిన మాట ప్రకారం ఉన్ని లేదు. 13వ శతాబ్ది చివరకు మఠం అప్పు 6000 పౌన్లు దాటింది. ఆ తరువాత స్కాట్లండు దళాల దాడులు, 1348-49 నాటి మహామారి వచ్చాయి. సేవాసోదరుల సంఖ్య క్రమంగా క్షీణించింది. గ్రేంజ్‌లు కౌలుకు ఇవ్వబడ్డాయి. ఏ కౌలు కూడదని ఊళ్ళు ఖాళీ అయ్యాయో, చివరకు ఆ కౌలు మీదనే మఠం బతికింది.

6. రద్దు, రాళ్ళు, ఉద్యానవనం:

మఠాధిపతి మార్మడ్యూక్ హ్యూబీ 1495 నుంచి 1526 వరకు పాలించి తన పేరుతో నిలిచిన ఎత్తయిన గోపురాన్ని కట్టించాడు. ఆడంబరమైన గోపురాలు కూడదన్న తొలితరం నియమం అప్పటికి ఎవరికీ గుర్తులేదు. 1535 నాటి లెక్కల్లో మఠం వార్షికాదాయం 1000 పౌన్లు మించింది. ఎనిమిదవ హెన్రీ కన్ను దాని మీద పడడంలో ఆశ్చర్యం లేదు. హ్యూబీ తరువాతి మఠాధిపతి విలియం థర్స్క్ పదవి వదులుకోవలసివచ్చింది. ఉత్తరాది తిరుగుబాటుతో సంబంధమున్నదన్న ఆరోపణపై 1537లో అతనిని టైబర్న్‌లో ఉరితీశారు. 1539 నవంబరు 26న చివరి మఠాధిపతి మార్మడ్యూక్ బ్రాడ్లీ మఠాన్ని రాజుకు అప్పగించాడు. పైకప్పుల సీసం కరిగించారు. సర్ రిచర్డ్ గ్రెషమ్ ఆస్తిని కొన్నాడు. 1597లో దానిని కొన్న స్టీఫెన్ ప్రాక్టర్ మఠపు రాళ్ళతోనే పక్కన ఒక భవనం కట్టుకొన్నాడు.

పక్క ఎస్టేటు స్టడ్లీ రాయల్ యజమాని జాన్ ఐస్లబీ బ్రిటన్ ఆర్థికమంత్రిగా ఉండి, 1720 నాటి సౌత్ సీ కుంభకోణంలో పదవి పోగొట్టుకొని, ఇంటికి చేరి స్కెల్ నీటితో కాలువలు, కొలనులు, దేవతావిగ్రహాలతో ఉద్యానవనం తీర్చాడు. అతని కుమారుడు విలియం మఠపు శిథిలాలను కొని ఆ తోటలో కలిపాడు. తోటలో నడిచేవారికి ఒక మలుపులో తటాలున శిథిలం కనబడే ఏర్పాటు నేటికీ ఉంది. పనిస్థలంగా ఉన్నది దృశ్యంగా మారింది. యునెస్కో జాబితాలో ఈ ప్రదేశం పేరు చూస్తే ఇది స్పష్టమవుతుంది: ‘ఫౌంటెన్స్ మఠ శిథిలాలతో సహా స్టడ్లీ రాయల్ పార్కు’. తోటకు ముందుచోటు, మఠానికి తరువాతి చోటు.

1983 నుంచి ఈ ప్రదేశం నేషనల్ ట్రస్టు ఆధీనంలో ఉంది. 2021లో ఆ సంస్థ బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తదితరులతో కలిసి, నేలను తవ్వకుండా రాడార్‌తో జరిపిన పరిశీలన ఫలితాలను ప్రకటించింది. నది పక్కన గడ్డి కింద 32 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు గల కట్టడపు పునాదులు, తోళ్ళు నానబెట్టే గోతులు కనిపించాయి. అది తోళ్ళు పదునుచేసే కర్మాగారం. సున్నం, జంతువుల తోళ్ళు, మూత్రం కలిసిన ఆ వాసన చర్చి దాకా రాకుండా ఉండదు. సన్యాసుల పుస్తకాలకు చర్మపత్రాలు, పాదాలకు బూట్లు తోళ్ళ నుంచే కదా. జర్మనీలోని షోనావ్ సిస్టెర్షియన్ మఠంలో సేవాసోదరులు ఏటా దక్కే కొత్త బూట్లు ఇవ్వలేదని తిరగబడ్డ ఉదంతాన్ని ఆ సంప్రదాయపు గ్రంథాలే నమోదుచేశాయి, అదీ తిరగబడ్డవారిది పాపమని చెప్పడానికి. నరేషియోలో తోళ్ళగోతుల ఊసు లేదు. 18వ శతాబ్దిలో ఆ చోటును చదునుచేసి పచ్చిక పరిచినవారికి అక్కడ ఏముండేదో తెలిసే అవకాశం లేదు. ఇప్పుడు దాని హద్దులు పటం మీద ఉన్నాయి, గోతులు ఇంకా తవ్వని నేలలోనే ఉన్నాయి.